పిల్లి వద్దంటే ఎందుకో చూడండి

ఉతికి మడతపెట్టిన బట్టల మీద పిల్లి ఉచ్చ పోసింది. గదంతా కంపు. దాని కాలకృత్యాల కోసమని కొని పెట్టిన లిట్టర్ బాక్సు మాత్రం మూలన పొడిగా, పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ క్షణాన మీ నోట్లోంచి మొదట ఏ మాట వస్తుంది? ‘దీనికెంత పొగరు!’ అనా? ‘ఎన్నిసార్లు చూపించినా బుద్ధి రాదు’ అనా? ‘కావాలనే చేస్తోంది’ అనా?

ఆ మాట దగ్గర ఆగండి. అసలు చిక్కు పిల్లితో మొదలు కాలేదు, ఆ మాటతో మొదలైంది. పొగరు అని పేరు పెట్టేశాక ఇక వెతకడానికి ఏమీ ఉండదు, దండించడమే మిగులుతుంది. మొండిది అన్నామంటే చూడటం మానేశామన్నమాట. ఒక ప్రాణి ఎందుకు వద్దంటోందో కనుక్కోవడం ఒక నైపుణ్యం. అది పుట్టుకతో రాదు, సాధన చేస్తే వస్తుంది. ఆ సాధనకు పిల్లి చాలా మంచి అవకాశం ఇస్తుంది. ఎందుకంటే మనుషులు మన హోదాకు జంకుతారు, మొహమాటపడతారు, ఇష్టం లేకపోయినా సర్దుకుపోతారు. దాంతో మన పద్ధతే సరైందని మనం అనుకుంటాం. పిల్లి సర్దుకుపోదు. మన ఏర్పాటు బాగాలేకపోతే బాగాలేదని అదే రోజు చెప్పేస్తుంది, మన పరుపు మీదే చెబుతుంది.

మా తిరువూరు ఇళ్లకు పిల్లి కొత్త కాదు. వడ్లు, మిరపకాయలు, పత్తి తెచ్చి దించుకునే ఇళ్లలో ఎలుకల భయానికి పిల్లిని ఉండనిచ్చేవారు. దానికి మరుగుదొడ్డి ఎవరూ చూపించలేదు. పెరట్లో మట్టి ఉండేది, గడ్డివామి పక్కన గుల్లనేల ఉండేది, పొయ్యిలోంచి తీసి పోసిన బూడిద కుప్ప ఉండేది. ముందుకాళ్లతో కాస్త తవ్వుకుని, పని కానిచ్చి, కప్పేసి వచ్చేది. ఇప్పుడు పెంకుటిళ్లు డాబాలయ్యాయి. గేటు దగ్గర మొదలైన సిమెంటు చప్టా వెనక గోడదాకా ఆగదు. లోపలంతా టైల్సు. పైవాటాల్లో అద్దెకుండే వాళ్లకు ఆ చప్టా కూడా లేదు. పైగా ఇప్పుడు పిల్లలు మారాం చేస్తే విజయవాడ వెళ్లి పర్షియన్ పిల్లిని తెచ్చుకునే ఇళ్లు కూడా కనిపిస్తున్నాయి. గడప దాటనివ్వని పిల్లులవి.

అంటే ముందు మనం దాని మట్టిని తీసేసుకున్నాం. బదులుగా ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాం. ఆ డబ్బా మట్టికి సాటి వస్తోందా లేదా అని తేల్చాల్సింది పిల్లే. దాని తీర్పు మనకు నచ్చకపోవచ్చు గానీ తీర్పు చెప్పే హక్కు దానిదే.

ఇంటి పిల్లులన్నీ ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లి సంతతి. పొడినేలల్లో, ఇసుక నేలల్లో బతికిన జాతి అది. సైప్రస్‌లో సుమారు 9,500 ఏళ్ల కిందటి ఒక సమాధిలో మనిషి పక్కనే పాతిపెట్టిన పిల్లి ఎముకలు దొరికాయని 2004లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మనతో అంతకాలంగా ఉంటున్నా దాని పాదాలకు ఇసుక మీద మక్కువ పోలేదు. గుల్లగా, సన్నగా, పొడిగా ఉన్నచోట తవ్వడం దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. చిన్న పిల్లికూన కూడా తనంతట తనే తవ్వుతుంది. కాబట్టి ‘నేర్చుకోవడం లేదు’ అన్న ఫిర్యాదు చాలాసార్లు తప్పు. దానికి వచ్చు. మీరు పెట్టిన చోట చేయాలనిపించడం లేదు, అంతే.

అసలీ డబ్బా పద్ధతి వచ్చిన తీరులోనూ మనం గమనించాల్సింది ఒకటుంది. 1947 శీతకాలంలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లోవ్ అనే యువకుడి దగ్గరికి పొరుగావిడ వచ్చి ఇసుక అడిగింది. బయట ఇసుక మంచుకు గడ్డకట్టింది. బూడిద పోస్తే పిల్లి కాళ్లకంటుకుని ఇల్లంతా అడుగులు పడుతున్నాయి. లోవ్ తన దగ్గరున్న, ఫ్యాక్టరీల్లో కారిన నూనెను పీల్చడానికి వాడే ఎండుమట్టి గుళికలు ఇచ్చాడు. పిల్లి కాదనలేదు. ఆవిడ మళ్లీ అదే అడిగింది. ఆ మట్టిని సంచుల్లో కట్టి ‘కిట్టీ లిట్టర్’ అని రాసి అమ్మడం మొదలుపెట్టాడు. ఒక పెద్ద వ్యాపారం పుట్టింది. ఆ రోజు ఆవిడ పిల్లిని తిట్టుకుంటూ కూర్చోలేదు, మట్టి మార్చి చూసింది. మనం మొదట నేర్చుకోవాల్సింది అదే.

ముందు ఒంట్లో బాగుందో లేదో చూడండి

డబ్బాలో పోయని పిల్లికి నొప్పి ఉండొచ్చు. ఈ ఒక్క విషయంలో ఆలస్యం పనికిరాదు కాబట్టి సూటిగా చెబుతాను. మగపిల్లి పదేపదే కూర్చుంటూ, ముక్కుతూ, చుక్కలు చుక్కలుగా పోస్తున్నా, అసలేమీ రాకపోయినా, అరుస్తూ పొత్తికడుపు నాక్కుంటున్నా అది అలవాటు సమస్య కాదు. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. మగపిల్లికి ఆ నాళం చాలా సన్నం. ఒకటి రెండు రోజులు అలాగే వదిలేస్తే ప్రాణం పోతుంది. అర్ధరాత్రయినా డాక్టరుకు ఫోన్ చేయండి. తెల్లారగానే పశువుల ఆసుపత్రి తలుపు దగ్గర ఉండండి. అక్కడ చేయలేమంటే నూజివీడు మీదుగా గన్నవరం వెళ్తే ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

నాళం మూసుకుపోకపోయినా మూత్రాశయం వాస్తే పోసేటప్పుడు మంట పుడుతుంది. పిల్లి ఆ మంటను డబ్బాకు ముడిపెట్టుకుంటుంది. ‘ఈ డబ్బాలో కూర్చుంటే నొప్పి’ అని దాని లెక్క. అందుకే మెత్తటి చోటు వెతుక్కుంటుంది. మీ పరుపు, దుప్పటి, కాలిపట్టా. ఈ వాపుల్లో చాలావాటికి సూక్ష్మక్రిములు కారణం కాదు. ఒత్తిడి పెద్ద కారణమని ఓహయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్‌టన్ ఏళ్ల తరబడి పరిశోధించి చూపించారు. ఇంట్లో మార్పులు, కొత్త మనుషులు, కొత్త పిల్లి, దాక్కోవడానికి చోటు లేకపోవడం, ఇవన్నీ పిల్లి మూత్రాశయం దాకా వెళ్తాయి. మనిషికి దిగులుతో కడుపులో తిప్పినట్టు ఉండటం మనకు తెలుసు, పిల్లి విషయంలో నమ్మడానికే కష్టపడతాం.

మన ఎండలు ఇంకో కారణం. పిల్లి సహజంగానే నీళ్లు తక్కువ తాగుతుంది. వేసవిలో నలభై దాటిన ఎండల్లో, ఎండుమేత గింజలు మాత్రమే పెట్టి ఒక్క గిన్నె నీళ్లు వంటింట్లో ఉంచితే మూత్రం చిక్కబడుతుంది. నీళ్లగిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి, అన్నం గిన్నెకు దూరంగా పెట్టండి. ఉప్పూకారం వేయని ఉడికించిన చేప, కోడిమాంసం ఆ నీళ్లతోనే పెట్టండి. ముసలిపిల్లి ఉన్నట్టుండి నీళ్లెక్కువ తాగి, ఎక్కువ పోస్తుంటే షుగరో, మూత్రపిండాల జబ్బో ఉందేమో పరీక్ష చేయించాలి. పర్షియన్లలో మూత్రపిండాల్లో నీటితిత్తులు వంశపారంపర్యంగా రావడం కూడా ఉంది. మన పక్కనే ఏ.కొండూరు తండాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో కళ్లారా చూసినవాళ్లం మనం. మూత్రంలో తేడా వస్తే ‘చూద్దాంలే’ అనకూడదని ఈ ప్రాంతం వాళ్లకు ఒకరు చెప్పాలా?

దొడ్డికి మాత్రమే బయట కూర్చుంటోందా? పాలు మానిపించి చూడండి. పిల్లికి పాలంటే ప్రాణమని తరతరాలుగా పోస్తున్నాం. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలల్లోని చక్కెర అరగదు. విరేచనాలు అవుతాయి, డబ్బాదాకా వెళ్లే వ్యవధి ఉండదు.

కొడితే ఏం నేర్చుకుంటుంది?

పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందని సామెత. తిరగబడకపోతే దాక్కుంటుంది, అది మరీ ప్రమాదం. ముక్కు పట్టుకుని తడిలో రుద్దడం, చీపురు తిరగేయడం, డబ్బాలో బలవంతాన కుదేయడం, గంటల తరబడి బాత్రూంలో బంధించడం, ఇవన్నీ మన ఇళ్లలో జరిగేవే. జరిగి అరగంటయ్యాక మీరు కొట్టే దెబ్బకు, బట్టల మీది తడికి సంబంధం పిల్లికి తెలియదు. దానికి తెలిసేది ఒక్కటే: మీరు వస్తే దెబ్బ పడుతుంది. మీరు చూస్తుండగా పోయకూడదని నేర్చుకుంటుంది. ఇక మంచం కిందా, బీరువా వెనకా, బియ్యం బస్తా మీదా మొదలవుతుంది.

మనిషి నేర్చుకునే తీరును అర్థం చేసుకునే శాస్త్రంలో తొలి పాఠాలు కొన్ని పిల్లుల మీదే పుట్టాయి. 1898లో న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఆకలితో ఉన్న పిల్లుల్ని చెక్కపెట్టెల్లో ఉంచి, బయట మేత పెట్టి, అవి గడియ తీసుకుని బయటపడటానికి ఎంతసేపు తీసుకుంటున్నాయో లెక్కగట్టాడు. మొదట్లో గీరడం, అరవడం, అన్నిచోట్లా తోయడం. పోనుపోను అనవసరమైన పనులు రాలిపోయి, మేత దక్కించిన పనే మిగిలింది. సుఖం కలిగించిన పని నిలుస్తుంది, బాధ కలిగించిన పని పోతుంది అని ఆయన మొదట సూత్రం రాశాడు. చాలా ఏళ్ల తర్వాత, 1930ల నాటికి మరిన్ని ప్రయోగాలు చేసి, ఆ సూత్రంలో రెండో సగాన్ని ఆయనే వెనక్కి తీసుకున్నాడు. మెచ్చుకోలు అలవాటును నిలబెట్టినంత గట్టిగా దండన అలవాటును చెరపదని తేల్చాడు. తను పేరు తెచ్చుకున్న సూత్రాన్నే సరిదిద్దుకున్న ఆ పెద్దమనిషి మాట మన ఇళ్లలోకి ఇంకా రాలేదు.

పక్క తడిపే పిల్లవాణ్ణి చూడండి. అయిదేళ్లు నిండినా నూటికి పదిహేను మంది దాకా పిల్లలు రాత్రిళ్లు పక్క తడుపుతారని పిల్లల వైద్యులు చెబుతారు. వాళ్లలో దాదాపు అందరికీ వయసుతోపాటు తగ్గిపోతుంది. ఆ లోపల మనం చేసేదేమిటి? చుట్టాల ముందు చెప్పి నవ్వడం, దుప్పటి వాడి చేతే ఆరేయించడం. వాడు రాత్రి ఆపుకోవడం నేర్చుకోడు, దాచడం నేర్చుకుంటాడు. తడిసిన నిక్కరు బీరువా వెనక దొరుకుతుంది. దాచుకునే స్థితికి నెట్టాక ఇక ఏ సమస్యా మన కంటికి కనిపించదు. అప్పుడు పిల్లవాడు బాగుపడ్డాడనుకుంటాం.

క్యాలెండర్ మీద రాయండి

మా వీధిలో ఒక టీచరమ్మగారి ఇంట్లో ఇదే గొడవ. చారల పిల్లి. మెట్ల కింద డబ్బా. పిల్లి మాత్రం ముందుగదిలో కాలిపట్టా మీద కానిచ్చేది. 

‘ఎప్పుడు చేస్తోందమ్మా?’ అని అడిగాను. 

‘దానిష్టం అన్నయ్యగారూ. దానికి వేళాపాళా ఏముంటుంది?’ అందావిడ. 

‘పాల లెక్క ఎక్కడ రాస్తారు?’ 

‘క్యాలెండర్ మీద.’ 

‘దీన్నీ అక్కడే రాయండి. ఏ పూట, ఎక్కడ, అంతకుముందు ఇంట్లో ఏం జరిగింది. అంతే.’

పాల గీతల పక్కన చిన్న చిన్న అక్షరాలతో రాసుకుంటూ పోయింది. తర్వాత ఆ కాగితం నేనూ చూశాను. కాలిపట్టా తడిసిన రోజులన్నీ బట్టలు ఉతికిన రోజులే. డబ్బా పెట్టింది మెట్ల కింద వాషింగ్ మెషీన్ పక్కన. పిల్లి సరిగ్గా కూర్చునే వేళకు మెషీన్ నీళ్లు పిండటం మొదలుపెట్టి గడగడా ఊగేది. ఒకసారి బెదిరిన పిల్లి ఉతుకుడు రోజున అటువైపే పోవడం మానేసింది. డబ్బాను వెనక వసారాలోని మూలకు మార్చారు. కాలిపట్టా తడవడం ఆగిపోయింది. ‘దానిష్టం’ అన్న మాట ఆవిడ మళ్లీ అనలేదు.

మీరూ అలాగే రాయండి. కోపం వచ్చినప్పుడు మనసు ‘ఎప్పుడూ ఇంతే’ అంటుంది. కాగితం మాత్రం అది నిజమో కాదో చెబుతుంది. ఆఫీసుకు రోజూ ఆలస్యంగా వచ్చే కుర్రాడి గురించి కూడా ఇలా రాసి చూడండి, రోజూ కాదు, బస్సు రద్దయిన రోజులే అని తేలొచ్చు.

రాసేటప్పుడు ఇంకో సంగతి గమనించండి. కూర్చుని నేల మీద మడుగు కట్టేలా పోస్తోందా, లేక నిలబడి, తోక పైకెత్తి వణికిస్తూ గోడ మీదకు చిమ్ముతోందా? రెండోది కాలకృత్యం కాదు, హద్దు గుర్తు. కిటికీ బయట ఇంకో పిల్లి తిరుగుతుంటే, ఎదకాలంలో, ఇంట్లోకి కొత్త పిల్లి వస్తే ఇలా చిమ్ముతుంది. దీనికి డబ్బా మార్చడం మందు కాదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం మందు. ముఖ్యంగా మగపిల్లుల్లో, అలవాటు ముదరకముందే చేయిస్తే చాలావరకు ఆగిపోతుంది. ‘పాపం, ప్రకృతికి విరుద్ధం కదా’ అని వెనకాడే వాళ్లున్నారు. ఏటా కూనలు పుట్టించి సంచిలో వేసి మార్కెట్ దగ్గర వదిలి రావడం కంటే అది ఎన్నో రెట్లు దయగల పని.

డబ్బా సంగతి

ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం. నూటికి తొంభై పొరపాట్లు ఇక్కడే అని నేననను గానీ డబ్బు ఖర్చు లేకుండా సరయ్యేవి ఎక్కువ ఇక్కడే ఉన్నాయి.

బజార్లో లిట్టర్ బాక్సు పేరుతో అమ్మేవి చాలా చిన్నవి. పిల్లి ముక్కు నుంచి తోక మొదలుదాకా ఎంత పొడవుందో దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి డబ్బా. అది లోపలికి వెళ్లాలి, ఒక చుట్టు తిరగాలి, తవ్వాలి, కూర్చోవాలి, మళ్లీ తిరిగి కప్పాలి. సామాన్ల కొట్లో దొరికే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు దీనికి చక్కగా సరిపోతుంది. మూతలున్న గూడు డబ్బాలు మన కంటికి బాగుంటాయి, కంపు బయటకు రాదు. అంటే కంపంతా లోపలే ఉంటుంది. మనకంటే ఎన్నో రెట్లు వాసన పట్టే ముక్కును తీసుకెళ్లి అందులో కూర్చోమంటున్నాం.

పిల్లి ముసలిదైతే అంచు ఎత్తు చూడండి. 2002లో అమెరికాలో 12 ఏళ్లు పైబడిన 100 పిల్లుల ఎక్స్‌రేలు పరిశీలిస్తే 90 శాతంలో కీళ్ల అరుగుదల కనిపించింది. కీళ్ల నొప్పులున్న పిల్లికి జానెడు అంచు కూడా గోడే. టబ్బుకు ఒకవైపు కోసి, అంచు గీసుకోకుండా నున్నగా రుద్ది, అడుగు పెట్టేంత దారి చేయండి. ఈ మాట రాస్తుంటే మన ఇళ్లలోని పెద్దవాళ్లే మనసులో మెదులుతున్నారు. రాత్రిపూట బాత్రూంకి వెళ్లకుండా ఆపుకునే నాన్నగారికి బద్ధకం అనుకుంటాం. తడి టైల్సు మీద జారిపడతానన్న భయమని ఆయన చెప్పరు. గోడకు పట్టుకునే కమ్మీ ఒకటి బిగించి, రాత్రంతా చిన్న బల్బు వేసి ఉంచండి. చాలా ఇళ్లలో ఆ ‘బద్ధకం’ అంతటితో పోతుంది.

డబ్బాలో ఏం పోయాలి? బజార్లో దొరికే గడ్డకట్టే లిట్టర్ చాలావరకు బెంటొనైట్ మట్టి. మన దేశంలో గుజరాత్‌లోని కచ్‌లో, రాజస్థాన్‌లోని బార్మర్‌లో తవ్వుతారు. తడి తగలగానే ఉండకడుతుంది, ఆ ఉండను తీసేస్తే మిగతాది పొడిగా ఉంటుంది. ఖరీదు ఎక్కువనుకుంటే జల్లెడ పట్టి ఎండబెట్టిన ఏటి ఇసుక చాలు. కోతమిల్లులో రంపపు పొట్టు దొరుకుతుంది, దుమ్ము లేకుండా జల్లించాలి. రసాయనాలు పూసిన చెక్క పొట్టు వద్దు. ఊక తేలిక, చవక, కానీ కాళ్లకు గుచ్చుకుంటుంది, తడిని సరిగా పీల్చదు, కొన్ని పిల్లులకు అస్సలు నచ్చదు. ఏది నచ్చుతుందో మనం వాదించక్కర్లేదు. రెండు టబ్బులు పక్కపక్కన పెట్టి ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో పొట్టు పోసి వదిలేయండి. దేంట్లో కూర్చుంటే అదే జవాబు. రెండంగుళాల మందం ఉంటే చాలు. గులాబీ, మల్లె వాసనలు కలిపిన లిట్టర్ మనుషుల కోసం తయారైంది, చాలా పిల్లులు దాన్ని తప్పించుకుంటాయి.

చోటు ఎలాంటిదంటే మనుషులు అటూ ఇటూ తొక్కుకుంటూ తిరగనిది, చప్పుడు లేనిది, అన్నం గిన్నెకు దూరమైనది, వెళ్లడానికీ రావడానికీ ఒకటికి రెండు దారులున్నది. ఇంట్లో ఇంకో పిల్లో, కుక్కో ఉంటే ఒకే దారి ఉన్న మూలలో ఇరుక్కుపోతానని భయపడుతుంది. పిల్లులు ఎన్నుంటే అన్ని డబ్బాలు, పైన ఇంకొకటి అనేది పశువైద్యులు చెప్పే లెక్క. ఒక్క పిల్లికి రెండు డబ్బాలా అని ఆశ్చర్యపోకండి. చాలా పిల్లులు ఒకచోట పోసి ఇంకోచోట దొడ్డికెళ్తాయి. రెండూ పక్కపక్కనే పెడితే దాని దృష్టిలో అది ఒకటే డబ్బా. వేర్వేరు గదుల్లో పెట్టండి.

శుభ్రం గురించి చెప్పేది తక్కువ, చేయాల్సింది ఎక్కువ. రోజుకు రెండుసార్లు గరిటతో ఉండలు తీసేయాలి, తక్కువలో తక్కువ ఒకసారి. వారం పది రోజులకోసారి మొత్తం పారబోసి సబ్బునీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని ఆమె చేయకూడదు, ఇంకెవరైనా చేయాలి. పిల్లి మలంలో వచ్చే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గర్భంలోని బిడ్డకు హాని చేయగలదు. అది అంటుకునే స్థితికి రావడానికి ఒక రోజైనా పడుతుంది కాబట్టి రోజూ తీసేసే ఇంట్లో భయం చాలా తగ్గుతుంది. ‘పిల్లి నాది కాదు, నువ్వే తెచ్చావు’ అనే మగవాళ్లకు ఇది మంచి అవకాశం. గరిట అందుకోండి.

పెరడు ఉన్నవాళ్లు చప్టాలో ఓ మూల గజం జాగా పగలగొట్టి మట్టి నింపి వదిలితే పాత అలవాటు దానికదే తిరిగొస్తుంది. ఆకుకూరల మడికి మాత్రం దూరంగా ఉండాలి.

ఫినాయిల్ సీసా పక్కన పెట్టండి

పిల్లి పోసిన చోట మనం వెంటనే చేసే పని ఫినాయిల్ కొట్టడం. దయచేసి ఆపండి. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటకు పంపే ఎంజైము పిల్లి శరీరంలో పనిచేయదు. నల్ల ఫినాయిల్ తుడిచిన నేల మీద నడిచి, ఆ పాదాలు నాక్కుంటే చాలు విషం లోపలికి వెళ్తుంది. డెట్టాల్ సంగతీ అంతే. పారాసిటమాల్ బిళ్ల పిల్లిని చంపేయడానికి కూడా ఇలాంటి లోపమే కారణం, జ్వరమనుకుని అర బిళ్ల కూడా వేయకండి. బ్లీచింగ్ మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఘాటైన విషవాయువు వస్తుంది, అది మీకూ ప్రమాదం. బ్లీచింగ్ మీద బాత్రూం యాసిడ్ పోయడం ఇంకా ఘోరం.

పాత గుడ్డతో తడిని ఒత్తి తీయండి, రుద్దొద్దు. ఎంజైములున్న బట్టల సబ్బుపొడిని నీళ్లలో కలిపి తడిపి, కాసేపు ఉంచి, మంచినీళ్లతో రెండుసార్లు తుడిచి ఆరనివ్వండి. మన ముక్కుకు వాసన పోయినంత మాత్రాన పిల్లి ముక్కుకు పోయినట్టు కాదు. వాసన మిగిలితే ‘ఇదే చోటు’ అని దానికి రాసి పెట్టినట్టే. శుభ్రం చేశాక అక్కడ దాని అన్నం గిన్నె పెట్టండి. తినేచోట పోయడం పిల్లులకు సాధారణంగా ఇష్టముండదు.

తిరిగి అలవాటు చేసేటప్పుడు

అన్నీ ఒకేసారి మార్చకండి. డబ్బా, మట్టి, చోటు, మేత నాలుగూ ఒకే రోజు మారిస్తే బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు, చెడినా తెలియదు. ఒకటి మార్చి కొన్నాళ్లు ఆగి క్యాలెండర్ చూడండి. మనలో చాలామందికి కష్టమైంది ఈ ఆగడమే. మార్చేశాం కాబట్టి రేపటికల్లా ఫలితం కనిపించాలంటాం. పిల్లికి ఒక చోటు మీద నమ్మకం పోవడానికి ఒక్క చప్పుడు చాలు, తిరిగి రావడానికి వారాలు పడుతుంది.

అలవాటు బాగా చెడిపోతే కొన్నాళ్లు ఒక చిన్న గదిలో ఉంచండి. ఇది శిక్ష కాదు కాబట్టి గదిలో పడక, నీళ్లు, మేత, ఆటవస్తువు, గాలి, మీరు కూర్చునే కాసేపు, అన్నీ ఉండాలి. ఒకవైపు మేత, రెండోవైపు డబ్బా. అక్కడ సవ్యంగా వాడుతుంటే ఒక్కొక్క గదే తెరుస్తూ పోండి. డబ్బాలోంచి బయటకు రాగానే చిన్న చేపముక్క పెట్టి మెల్లగా మాట్లాడండి. కూర్చున్నప్పుడు మాత్రం పలకరించకండి, తొంగి చూడకండి.

ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. అమ్మ ఓపికగా గరిట పడుతుంటే నాన్న చెప్పు విసిరితే, పిల్లలు వెంటపడి పట్టుకుంటే చేసిందంతా పోతుంది. పనికి వచ్చే అమ్మాయికి కూడా ఫినాయిల్ సంగతి కూర్చోబెట్టి చెప్పండి, ఎందుకో చెప్పండి. వద్దని మాత్రమే చెబితే మీరు లేనప్పుడు ఫినాయిల్ కొడుతుంది. కారణం తెలిస్తే మీకంటే జాగ్రత్తగా ఉంటుంది.

అన్నీ సర్దుకున్నాక, వాడటం లేదు కదా అని రెండో డబ్బా తీసేయాలనిపిస్తుంది. తీయకండి. వానాకాలంలో ఉరుములకో, పండక్కి వచ్చిన చుట్టాల సందడికో, పక్కింటి కొత్త కుక్క అరుపుకో బెదిరిన రోజున మొదటి డబ్బాదాకా వెళ్లడానికి దానికి ధైర్యం చాలకపోవచ్చు. ఆ రోజు కోసం రెండోది అక్కడే ఉండాలి, రోజూ శుభ్రం చేసి.